చంద్రవ్వ చేతి మీది వాపు

"చెయ్యి చాపు," అన్నాడు అనంతయ్య మూడోసారి.

చంద్రవ్వ చాపలేదు. ఆరేళ్ల పిల్ల. నాయనమ్మ కొంగు వెనక ఎడమ చేతిని దాచుకుని, తండ్రి చేతిలోని తడిగుడ్డ వైపు బెదురుగా చూస్తోంది.

చివరికి మొగులమ్మే మనవరాలి చేతిని మెల్లగా ముందుకు తీసి కొడుకుకు చూపించింది. మోచేతికీ మణికట్టుకూ నడుమ, సోమవారం నాడు సూది గుచ్చిన చోట, రేగుపండంత ఎర్రటి వాపు. నిన్న పొద్దున చింతగింజంతే ఉండింది. దాని మీద ఎవరో పసుపు అద్దారు.

అనంతయ్య ఆ పసుపును తడిగుడ్డతో తుడిచేశాడు. పిల్ల పళ్లు బిగపట్టింది గాని ఏడవలేదు.

"ఏం పెట్టొద్దన్న గద. సారు వచ్చేదాంక గిట్లనే ఉండాలె. సారు చూడాలె, మంది చూడాలె."

పొయ్యి దగ్గర కూర్చున్న బుగ్గమ్మ వెనక్కి తిరగలేదు. ఆమెకిప్పుడు ఆరో నెల. ఊదుగొట్టం పక్కన పెట్టి, మంటకు చెబుతున్నట్టు నిదానంగా అంది.

"బిడ్డ చెయ్యి తగ్గాలని మొక్కేటోళ్లను చూసిన. తగ్గొద్దని మొక్కేటోన్ని నిన్నే చూస్తున్న."

పొయ్యి మీద జొన్న గట్క కుతకుతమంటోంది. గోడ మీద, నాపరాళ్ల సందులో కొట్టిన మేకుకు, గని యూనియన్ నాయకుడు చంద్రశేఖర్ సారు ఫొటో వేలాడుతోంది.

తాండూరు మొత్తంలో ఏ ఇంటి పిల్లకు ఆ సూది పడినా పడవచ్చు, ఈ ఇంటి పిల్లకు మాత్రం పడకూడదు. రెండు వారాల కిందట బషీరాబాద్ సభలో సారు చెప్పాడు. టీబీ రాకుండా అని చెప్పి వికారాబాదు నుంచి సూదోళ్లు వస్తారు, పిల్లల ఒంట్లోకి విషం ఎక్కిస్తారు, ఎవరూ చేతులు చాపొద్దు అన్నాడు. ఆ సభకు మైకు కట్టింది అనంతయ్యే. అలాంటిది, తాను నాపరాయి గనికి పోయిన పూట తన పెండ్లామే పిల్లను బడికి తీసుకుపోయి సూది వేయించిందని తెలిసి, రెండు రోజులు బయట ఎవరికీ ముఖం చూపించలేకపోయాడు. నిన్న ఈ వాపు కనిపించింది. సిగ్గు పోయి పట్టుదల వచ్చింది. యూనియన్ బిచ్చయ్యకు చెప్పాడు. బిచ్చయ్య వికారాబాదులో ఉండే సారుకు కబురు పంపాడు. సారు ఈరోజు పగటి బండికి దిగుతున్నాడు. సాయంత్రం గంజ్ బజారు దగ్గర సభ. చంద్రవ్వను వేదిక మీద నిలబెట్టి, ఆ చేతిని పదిమందికీ చూపిస్తారు.

"నువ్వు చెప్పమ్మ," అన్నాడు అనంతయ్య తల్లి వైపు తిరిగి. "గిన్నేండ్ల సంది చూస్తున్నవు గద. సారు మాట ఎప్పుడన్న తప్పయిందా?"

బుగ్గమ్మ అప్పుడు తిరిగి చూసింది. అత్త నోటి నుంచి ఏం వస్తుందోనని.

"సారు మాట ఎట్ల తప్పయితది," అంది మొగులమ్మ.

ఆ మాట దానంతటదే వచ్చింది. దీపం కనబడితే చేతులు జోడించినట్టు, ఆయన పేరు వినబడితే ఆమె నోరు ఆ మాటే అంటుంది. అనేసిన తరువాత గొంతులో గర గర మొదలైంది. బర్రెకు కుడితి పెట్టాలని చెప్పి లేచి, ఇంటి వెనక్కి నడిచింది. రాళ్లగోడ చాటుకు చేరేదాకా ఊపిరి బిగబట్టుకుంది.

అక్కడ, నోట్లో గుడ్డ కుక్కుకుని దగ్గింది.

గుడ్డ తీసి చూసుకుంది. చూడకూడదనుకుంటూనే చూసుకుంది. ఎరుపు. ఈ రెండు నెలల్లో ఇది నాలుగోసారి.

గనుల్లో పనిచేసిన ఆడవాళ్లందరూ దగ్గుతారు. దుమ్ము దగ్గు అంటారు. మొగులమ్మా తనది అదే అనుకుంది. కానీ పెనిమిటి మల్లప్ప చివరి ఏడాది ఆ గుడ్డలు ఉతికింది ఆమె చేతులే. దుమ్ముకు ఎరుపు ఉండదని ఆ చేతులకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. చెబితే పక్క వేరవుతుంది, చెంబు వేరవుతుంది, ఆఖరుకు వికారాబాదు పక్కన అనంతగిరి గుట్ట మీది దవాఖానకు పంపుతారు. అక్కడికి పోయినవాళ్లలో తిరిగి వచ్చినవాళ్లూ ఉన్నారని విన్నది గాని, ఆమెకు గుర్తున్నది రానివాళ్లే.

గుడ్డను నాలుగు మడతలు పెట్టి నడుము దగ్గర చీర మడతలో దోపుకుంది. చేతులు కడుక్కుని ఇంట్లోకి వచ్చింది.

*

అనంతయ్య గంజ్ దగ్గర పందిరి గుంజలు పాతడానికి వెళ్లిపోయాడు. వెళుతూ, గడప దాటొద్దని బుగ్గమ్మకు గట్టిగా చెప్పి వెళ్లాడు.

బుగ్గమ్మ పిల్లకు గట్క పెట్టింది. మూతి తుడిచింది. జుట్టు దువ్వి జడ వేసింది. తరువాత, పిల్లను తెచ్చి అత్త ముందు నిలబెట్టింది.

"నన్ను గడప దాటొద్దన్నడు. నిన్ను అనలే."

"ఏడికి పోవాలె?"

"బడికి. సూదాయన గియ్యాల్ల కొలిచి చెప్తనన్నడు. మూడు దినాలకు తప్పకుండ తేవాలన్నడు. కొలవకపోతె గిది ఏందో మనకెట్ల తెలుస్తది?"

మొగులమ్మ గోడ మీది ఫొటో వైపు చూసింది. కోడలు ఆ చూపును పట్టుకుంది.

"అత్తమ్మ, నేను యాలాల్ నుంచి ఈ ఇంటికి వచ్చిన యాడాదే మామ పోయిండు. ఆఖరు నెల ఆయనకు నీళ్లు తాగిచ్చింది నేను. గా దగ్గు నా చెవులల్లకెళ్లి పోలే. సారు మంచోడే. నేను కాదంటలే. కానీ గీ పోరి నాది."

ఆమె చెయ్యి తెలియకుండానే కడుపు మీదికి పోయింది. ఇంకొకరున్నారని మాటతో చెప్పలేదు.

సారు తప్పని మొగులమ్మ బయలుదేరలేదు. ఆ ఆలోచనను ఆమె దగ్గరికి కూడా రానివ్వలేదు. పిల్ల చెయ్యి కుళ్లిపోతుందేమోనన్న భయం ఆమెను బయటికి నెట్టింది. అంతే.

సోమవారం నాడు బడి వరండా నుంచి గేటు దాకా పిల్లల వరుస ఉండిందని బుగ్గమ్మ చెప్పింది. ఈరోజు వరండాలో ఉన్నది తొమ్మిది మంది పిల్లలు. మొగులమ్మ మెట్లు ఎక్కుతుంటే ఒక తల్లి చంద్రవ్వ చేతిని చూసింది. తన కొడుకు రెక్క పట్టుకుని వెనక్కి నడిచింది. ఇక ఎనిమిది.

సూదుల పెట్టె వెనక కూర్చున్న మనిషి పేరు ఏసుదాసు. సన్నగా, ముప్పై ఏళ్లు దాటని వాడు. చంద్రవ్వ చేతిని వెలుతురుకు తిప్పి, వేలితో వాపు అంచులు తడిమి, చిన్న కొలబద్ద ఆనించి కొలిచాడు. కాగితం మీద రాసుకున్నాడు. రాసుకున్న తరువాత వెంటనే తలెత్తలేదు.

అతను రాసిన అంకె కోసం మొగులమ్మ మెడ చాపింది.

అతను నిదానంగా చెప్పాడు. ఇది కాపాడే సూది కాదు, పరీక్ష సూది. వాపు రాని పిల్లలకు ఈరోజు రెండో సూది వేస్తారు. అది కాపాడేది. వాపు వచ్చినవాళ్లకు అది అక్కర్లేదు.

"సూది తెచ్చిన జబ్బు గాదమ్మ గిది. సూది అడిగింది, చెయ్యి జవాబు చెప్పింది. గా రోగం పురుగు పిల్ల ఒంట్లకు ఇంతకుముందే వచ్చింది."

మొగులమ్మ గోడను పట్టుకుంది. అతను తొందరపడి మరో మాట చెప్పాడు. పురుగు వచ్చినంత మాత్రాన జబ్బు పడినట్టు కాదు, ఇట్లాంటి పిల్లల్లో చాలామంది ఏమీ కాకుండానే పెరుగుతారు. అయినా వికారాబాదు దవాఖానకు తీసుకురావాలి. పిల్లను ఒక్కదాన్నే కాదు, ఇంట్లో అందరినీ. అందరికీ రొమ్ముకు ఎక్స్‌రే ఫొటో తీయాలి.

"ఎందుకంటే పిల్లకు ఎవరో ఒకరి దగ్గర్నుంచి వచ్చింది. ఇంట్ల ఎవరికన్న దగ్గున్నదా? పిల్ల ఎవరి పక్కన పంటది?"

"నాయినమ్మ పక్కన," అంది చంద్రవ్వ.

"దగ్గు ఎవరికి లేదు," అంది మొగులమ్మ.

ఏసుదాసు ఆమె ముఖం వైపు చూశాడు. గట్టిగా అడగలేదు. పెట్టెలోంచి అచ్చు కాగితం ఒకటి తీసి, చదవడం వస్తుందా అని అడిగాడు. వస్తుందని చెప్పింది. ఆ వయసు గని మనిషికి అక్షరాలెలా వచ్చాయన్నట్టు చూశాడు.

"చంద్రశేఖర్ సారు నేర్పిండు."

అతను కొలబద్దను గుడ్డతో తుడిచాడు.

"మా నాయినకు గనిల కాలిరిగితె, ఆయన్నే ఈపు మీద ఎత్తుకొని రైలెక్కిచ్చిండు. గట్లాంటి మనిషి వద్దన్నడు. నేను అవునంటె సర్కారు నౌకరీ కోసం అంటున్నడంటరు. ఏం చెప్పాలె నేను?" ఖాళీ వరండా వైపు చూసి, "ఇయ్యాల్ల గీ చెయ్యి వేదిక ఎక్కుతదంట గద. ఎక్కితె, రేపటి సంది నేను పెట్టె తెరిచే పని కూడ ఉండదు," అన్నాడు.

*

ఇంటికి పోయే దారిలో, అమ్మకానికి దొంతులు పేర్చిన బండల పక్కన మొగులమ్మ కూర్చుంది. పిల్ల అటు తిరిగి బండ మీద సుద్దముక్కతో గీతలు గీస్తోంది.

కాగితం విప్పింది. ఆమె ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదువుతుంది. చదివిన మాటను పెదవులతో ఒకసారి అనుకుంటేనే అర్థమవుతుంది.

దగ్గులో రక్తం పడేవారి పక్కన పిల్లలను పడుకోబెట్టరాదు.

వేలు మళ్లీ మొదటికి తెచ్చింది. మళ్లీ చదివింది. ఆ మాటే ఉంది. మూడోసారి చదువుతుంటే అక్షరాలు అలికినట్టయి కనబడలేదు.

చలికాలమంతా ఒకే బొంత. తన మెడ కింద దాని తల. దాని నెత్తి మీద తన ఊపిరి.

అయినా ఆమె మనసు ఇంకా వెతుకుతూనే ఉంది. ఈ కాగితంలో ఎక్కడైనా తప్పుంటే బాగుండును. రాసినవాళ్లు అబద్ధం రాసి ఉంటే బాగుండును. ఎందుకంటే ఇది నిజమైతే సారు చెప్పింది తప్పవుతుంది. సారు చెప్పింది తప్పయితే, ఆయన చెప్పిన మిగతావన్నీ ఏమవుతాయి? గోడలో అడుగున ఉన్న ఒక్క బండను లాగితే పైన ఎన్ని నిలుస్తాయి?

మల్లప్ప పోయిన రోజు, దగ్గు రోగమని పాడె మోయడానికి సొంత పాలివాళ్లే వెనకాడారు. ఎండలో శవం మధ్యాహ్నం దాకా వాకిట్లోనే ఉండిపోయింది. అప్పుడు రైలు దిగి వచ్చాడు సారు. చెప్పులు వాకిట్లో విడిచి, ఎవరినీ ఏమీ అనకుండా ముందు వైపు భుజం పెట్టాడు. ఆ తరువాత ముగ్గురు వచ్చారు. రజాకార్ల రోజుల్లో మనుషులు సాయంత్రమైతే తలుపులు తీయని కాలంలో, ఊరి మధ్య నిలబడి మాట్లాడింది ఆయనే. గని ఆడవాళ్లకు బడి పెట్టింది ఆయనే. ఈ కాగితం చదవడం నేర్పింది ఆయనే.

స్టేషన్ పక్కన బిచ్చయ్య ఇంట్లో నడిచేది ఆ బడి. సాయంత్రం పని దిగి వచ్చిన ఆడవాళ్లు, కాళ్లకు తెల్లటి దుమ్ముతోనే కూర్చునేవారు. దానికొక పద్ధతి ఉండేది. పాఠం నడుమ సారు రోజుకొక తప్పు మాట చెప్పేవాడు. కావాలనే చెప్పేవాడు. సూర్యుడు పడమర బషీరాబాద్ దిక్కున పొడుస్తాడని ఒకరోజు. కాగ్నా ఏటి నీళ్లు గుట్ట ఎక్కి పోతాయని ఒకరోజు. కనిపెట్టినవాళ్లు లేచి నిలబడి "కాదు సారూ" అనాలి. చేతులు జోడించొద్దు, తల వంచొద్దు. అన్నవాళ్లకు సుద్దముక్క ఇచ్చి, తాను వచ్చి ఆడవాళ్ల మధ్య నేల మీద కూర్చునేవాడు. ఆయన కూర్చునేదాకా, అన్న మనిషి కూర్చోకూడదు.

బిచ్చయ్య భార్య బీరమ్మ రోజూ లేచేది. నవ్వుతూ లేచేది. సారు నేల మీద కూర్చుంటే చూడడం ఆమెకు సరదా.

మొగులమ్మ మూడేళ్లలో ఒక్కసారీ లేవలేదు. తప్పు తెలియక కాదు. చాలాసార్లు బీరమ్మ కంటే ముందే తెలిసేది. పాడె మోసిన మనిషిని కాదనడానికి ఆమెకు మోకాళ్లు లేచేవి కావు.

దూరంగా పగటి బండి కూత వినబడింది. వికారాబాదు నుంచి వచ్చే బండి.

మూడు నెలల్లో బుగ్గమ్మ కనబోయే పసిగుడ్డును ముందుగా తన ఒళ్లోనే పెడతారు. ఆ సంగతి గుర్తుకొచ్చి మొగులమ్మ లేచింది. చంద్రవ్వ చెయ్యి పట్టుకోబోయి, ఆగి, పక్కన నడవమంది. ఇంటి దారి వదిలి స్టేషన్ దారి పట్టింది.

*

బిచ్చయ్య ఇంటి ముందు పదిమంది గని మనుషులు జెండా కర్రలతో నిలబడి ఉన్నారు. చంద్రవ్వను చూసి దారి ఇచ్చారు. ఒకరిద్దరు వంగి పిల్ల చేతిని చూసి తిట్టుకున్నారు. మొగులమ్మకు వాళ్ల తిట్లు తన వీపు మీద పడుతున్నట్టనిపించింది.

లోపల గది అదే. నల్లబల్ల ఆనించిన చోట గోడ మీద పడిన గీత ఇంకా ఉంది. కుర్చీ ఒకటి, నులక మంచం ఒకటి. సారు నిలబడి మజ్జిగ తాగుతున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. అనంతయ్య పక్కనే ఉన్నాడు.

"నేనే పోయి తేవాలనుకుంటి. అమ్మే తెచ్చింది సారూ," అన్నాడు అనంతయ్య. అతని గొంతులో సంతోషం ఉంది.

"మొగులమ్మా, చదువు మరిచిపోలేదు కదా?" అన్నాడు సారు. ఆ గొంతు వినగానే ఆమె చేతులు జోడించబోయాయి. గుడ్డ దోపుకున్న చోట వాటిని నొక్కి పట్టుకుంది.

ఆయన కిందికి వంగి, పిల్ల చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. నా పేరు పెట్టుకున్న పిల్ల అన్నాడు. వాపును తాకలేదు. దాని చుట్టూ వేలితో నిమిరాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం మొగులమ్మ చూసింది. నటన కాదు. ఆయనకు నటించడం రాదు. దొంగ మనిషైతే ఎంత సులువుగా ఉండేది.

ఆయన చెప్పుకుంటూ పోయాడు. మనవాళ్ల ఊపిరి తిన్నది గని దుమ్ము. తిండి లేని ఒంటిని పట్టే రోగమిది. దుమ్ము మీద నీళ్లు చల్లమంటే చల్లరు, పిల్లలకు పాలు ఇమ్మంటే ఇవ్వరు. సూది తెచ్చి గుచ్చి, మా పని అయిపోయిందని చేతులు దులుపుకుంటారు. ఇట్లాంటి చెయ్యి ఒక్కటి చూస్తే చాలు, రేపు ఏ తల్లీ పిల్లను పంపదు.

మొగులమ్మ ప్రతి మాటా విన్నది. దుమ్ము సంగతి నిజం. పాల సంగతి నిజం. ఆ నిజాలను ఆయన నోటి నుంచే నేర్చుకుంది. అదే ఆమెను వణికించింది.

బయట నుంచి బిచ్చయ్య తల లోపలికి పెట్టి, గంజ్ నిండిపోయిందని, బషీరాబాద్ వాళ్లు కూడా దిగారని చెప్పి పోయాడు. మైకులో ఎవరో సారు పేరు పిలుస్తున్నారు.

"పోదామా తల్లీ," అన్నాడు సారు చంద్రవ్వతో.

"చంద్రీ, నువ్వు తలుపు కాడికి పో," అంది మొగులమ్మ.

పిల్ల సారు చెయ్యి విడిపించుకుని తలుపు దగ్గరికి పోయింది. అనంతయ్య ముఖం చిట్లించాడు.

"ఏందమ్మ? టైమైతున్నది."

మొగులమ్మ నడుము దగ్గరి మడతలోంచి గుడ్డ తీసింది. ఒక మడత విప్పింది. రెండోది విప్పింది. మూడోది విప్పేసరికి ఎరుపు కనబడింది. ఆరి నల్లబడుతున్న ఎరుపు.

"గీ పిల్ల నా పక్కల పంటది," అంది. "రెండు నెలల సంది నాకు గిట్ల పడుతున్నది. సూదాయన అడిగితె లేదని చెప్పిన. గంతకుముందు ఇంట్ల కూడ చెప్పలే."

మైకు మళ్లీ పిలిచింది.

సారు ఆ గుడ్డ వైపు చూశాడు. చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఒక్క అడుగే. కావాలని వేసింది కాదు. వేసిన సంగతి ఆయనకు వెంటనే తెలిసింది. ఆమెకు తెలిసిందని కూడా తెలిసింది. పాడె కింద భుజం పెట్టినప్పుడు కూడా ఆయనకు ఈ భయం ఉండిందేమోనని మొగులమ్మకు ఆ క్షణంలో మొదటిసారి తట్టింది. భయపడుతూనే మోసాడేమో. ఆమెకు ఆయన మీద కోపం రాలేదు. మునుపటి కంటే ఎక్కువ దగ్గరివాడనిపించాడు. అందుకే చెప్పడం ఇంకా కష్టమైంది.

"అమ్మా," అన్నాడు అనంతయ్య. ఆ ఒక్క మాటా అని, తల్లిని దాటుకుని తలుపు దగ్గరికి పోయి పిల్లను ఎత్తుకున్నాడు. పిల్ల నాయనమ్మ వైపు చేతులు చాపింది. అతను ఆ చేతులను తన ఛాతీకి అదుముకుని, తల్లికి వీపు తిప్పాడు. పక్క వేరవడం, చెంబు వేరవడం ఇంటికి పోయాక అనుకుంది. ఇక్కడే మొదలైపోయింది.

"ఇవి రెండు సంగతులు, మొగులమ్మా," అన్నాడు సారు నెమ్మదిగా. "నీ జబ్బు వేరు. నిన్ను నేనే దవాఖానకు తీసుకపోత, ఆ ఫికర్ నాకు వదిలెయ్యి. కానీ బయట అంతమంది కూర్చున్నారు. సూది విషం కాదని ఇప్పుడు నేనెట్ల అంటా? ఒక్క మాట నుంచి వెనక్కి తగ్గితే, గని మాట కూడ ఎవరు నమ్ముతారు?"

ఆమె వెతుక్కుంటూ వచ్చిన భయమే అది. బండల పక్కన కూర్చుని తాను అనుకున్న మాటే. ఒక్క బండ లాగితే గోడ నిలుస్తుందా అని. ఆయన కూడా ఆ గోడ కిందే నిలబడి ఉన్నాడు.

మొగులమ్మ గుడ్డను మళ్లీ మడిచింది. చేతులు జోడించకుండా పక్కలకు వదిలింది. నల్లబల్ల గీత ఉన్న గోడకు ఎదురుగా, ఒకప్పుడు బీరమ్మ లేచి నిలబడే చోట నిలబడింది.

"దుమ్ము మాట నిజం. పాల మాట నిజం. సూది విషమన్న మాట..." ఊపిరి అందలేదు. ఆగింది. తల వంచలేదు. "కాదు సారూ."

ఆయన ముఖంలో ఏదో కదిలింది. ఆ పద్ధతి పెట్టింది ఆయనే. మరిచిపోయే మనిషి కాదు.

తలుపు అవతల జెండాలు లేచాయి. చప్పట్లు మొదలయ్యాయి. బిచ్చయ్య రెండోసారి వచ్చి గడప మీదే ఆగిపోయి, గదిలోని ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. అనంతయ్య చంకలో పిల్ల, ముఖం సారు వైపు.

సారు చెయ్యి కుర్చీ మీద పడింది. పక్కకు జరిపి బయటికి నడవడానికో, పట్టుకుని నేల మీద కూర్చోవడానికో తెలియలేదు. కుర్చీ కాలు బండ మీద ఒకసారి గీరుకుంది.

మొగులమ్మకు దగ్గు వస్తోంది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. ఆయన ఇంకా కూర్చోలేదు.

ఆమె కూడా కూర్చోలేదు.